రవిక మెడయు ప్రక్కగీతయు

ఇంట కుట్టుమిషను గలవారికెల్ల తెలిసిన సంగతి యొకటి కలదు. కొలతకు సరిగా కత్తిరించిన గుడ్డ రవికకు చాలదు. కుట్టు పడవలసిన గీతకు వెలుపల అరంగుళమో, సెంటీమీటరో విడిచి కత్తిరింపవలెను. దీనిని మన దర్జీలు మార్జినందురు. సుద్దముక్కతో గీయునపుడు ఈ రెండవ గీత యెంత సులభముగా వచ్చునో, కంప్యూటరులో గీయునపుడు అంత చిక్కు పెట్టునని మేము మొన్నటి శ్రావణమాసము వఱకు ఎఱుగము. ఎఱుగకపోవుటచే మా ఇంట మఱల దొరకని గుడ్డ యొకటి చెడినది. ఆ సంగతిని, దానివలన మేము నేర్చినదానిని ఇందు వ్రాయుచున్నాము. కుట్టుపని చేయువారికే గాక, వాకిట జంటగీతల ముగ్గులు వేయువారికిని ఇది కొంత యుపయోగపడవచ్చును.

మాది హఫీజ్‌పేట. హైటెక్ సిటీకిని చందానగరునకును నడుమ నున్న రైలు స్టేషనుకు మా యిల్లు నాలుగు వీధుల దూరము. ఉదయము తొమ్మిది కొట్టునప్పటికి మా వీధిలోని పిన్నవారందఱును మెడలో గుర్తింపు కార్డులు వేసికొని మాదాపూరు వైపు పోవుదురు. మా వారు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. మేము బడిమెట్లు ఎక్కినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే మాకు కావ్యములును, వానితోబాటు పావులూరి మల్లన గణితమును చెప్పిరి. ఆడపిల్లకు గణితమేలనని యెవరైన నడిగినచో, ఇంటిలెక్క యెవరు చూతురని వారు తిరిగి యడిగెడివారు.

రెండేండ్ల క్రిందట పిల్లల చదువునకై కంప్యూటరు కొంటిమి. రాత్రి పిల్లలు నిద్రించిన పిదప దానియందు రవికల నమూనాలు గీయుట నేర్చుకొంటిమి. ఎదురింటి యమ్మాయి మాదాపూరులో యంత్రభాగముల నక్షాలు గీయు ఆఫీసులో పని చేయును. ఆమెయే ఉచితముగా దొరకు క్యాడ్ సాఫ్ట్‌వేరు నొకదానిని పెట్టియిచ్చి, మొదటి పాఠములు చెప్పినది. వీధిలోని వారు మాచేత రవికలు కుట్టించుకొందురు. ఒకసారి గీసిన నమూనాను కొలతలు మార్చి పదిమందికి వాడుకొనవచ్చును. ఆ నమూనాను పట్టుకొనిపోయినచో, అట్టపై లేజరు కిరణముతో కోసి యిచ్చు అంగళ్ళు కొండాపూరు వైపున కలవు. అట్టను గుడ్డపై పరచి, చుట్టును సుద్దతో గీసి, కత్తిరించుటయే మన పని.

ఈ సాఫ్ట్‌వేరులలో ఆఫ్‌సెట్ అను ఆజ్ఞ యుండును. ఒక గీతను చూపి, ఇంత దూరమని చెప్పి, ఏ ప్రక్కకో చూపినచో, అంతట ఒకే యెడముతో రెండవ గీత పుట్టును. మేము దీనిని ప్రక్కగీత యని పిలుచుకొంటిమి. మార్జిను వేయుటకు ఇంతకంటె మేలైన సాధన మేమున్నదని తలచితిమి.

ఆషాఢమున మా చిన్న ఆడపడుచునకు పెండ్లి కుదిరినది. అత్తగారు ఇరువది యేండ్లుగా కూతునకై దాచిన గద్వాల పట్టుచీరను పెట్టెలోనుండి తీసిరి. రవికగుడ్డ చీరకు అంటియే యున్నది. అది యొక్కటియే. "వదినా, వెనుకవైపు తమలపాకు ఆకారంలో కిటికీ పెట్టవా?" అని మా ఆడపడుచు కోరినది. పెట్టెదనంటిమి.

ఆకు రెండు ప్రక్కలు ఒకే తీరుగా నుండవలెను గదా. కావున సగము ఆకును గీసి, అద్దములో చూపినట్లు రెండవ సగమును సృష్టించితిమి. రెండు సగములును పైన గుంటయొద్దను, క్రింద తోకయొద్దను కలిసినవి. కలిసినట్లు కనబడినవని చెప్పుట సరి. కిటికీకి మార్జిను రంధ్రము లోపలివైపునకు విడువవలెను గనుక, ఒక సెంటీమీటరు లోనికి ప్రక్కగీత నడిగితిమి. ఆకులో ఇంకొక ఆకు చక్కగా వచ్చినది. తోకయొద్ద మాత్రము రెండు గీతలును కత్తెరవలె నొకదానినొకటి దాటిపోయినవి. మేము దానిని చూడకపోలేదు. చూచి, అచ్చు నమూనాలయందు గాట్లు పెట్టుటకు గుర్తులుండును గదా, ఇదియు అట్టిదే కాబోలు ననుకొంటిమి. తెలియనిదానికి తెలిసిన పేరు పెట్టుకొనుట యెంత సుఖము!

అంగడిలో తెఱచునప్పటికి నమూనా గోడంత యయినది. మేము మిల్లీమీటరులలో గీసితిమి, అచ్చటి కంప్యూటరు అంగుళములనుకొన్నది. 25.4 రెట్లు పెరిగినది. ఆ యబ్బాయి నవ్వి సరిచేసినాడు. ఇట్టి తప్పు కంటికి కనబడును గనుక అపాయము లేదు.

అట్ట వచ్చినది. తోకయొద్ద రెండు సన్నని చీలికలు. గుడ్డపై పరచి, గీసి, కత్తిరించి, ఆ చీలికల మేరకు గాట్లును పెట్టితిమి. కుట్టుగీతను గుర్తించుటకు కూర్చున్నప్పుడు గాని తెలియలేదు. ఆ రెండు గాట్లును కుట్టుగీతను దాటి, ముప్పావు సెంటీమీటరునకు పైగా రవిక వీపులోనికి పోయినవి.

అత్తగారు గుడ్డను చేతిలోనికి తీసికొని, ఆ గాట్లపై వ్రేలు పోనిచ్చి, ఏమియు ననక దేవుని గదిలోనికి పోయిరి. తిట్టిన బాగుండెడిది. ఆ రాత్రి మాకు అన్నము సహింపలేదు.

మఱునాడు ఎదురింటి యమ్మాయి వచ్చి, తెరపై ఆకుతోకను పెద్దది చేసి చూపినది. పెద్దది, మఱింత పెద్దది చేయగా, కలిసియున్నవనుకొన్న రెండు సగముల నడుమ వెండ్రుకలో నూఱవ వంతంత సందు కనబడినది. "అక్కయ్యగారూ, ఇవి రెండు గీతలు. దీనికి ఆకు అని తెలియదు" అన్నది. ఆ మాటతో సగము చిక్కు విడిపోయినది. కంప్యూటరు ఎడమ గీతను ఒక సెంటీమీటరు కుడికి జరిపినది, కుడి గీతను ఒక సెంటీమీటరు ఎడమకు జరిపినది. చెప్పిన పని చెప్పినట్లు చేసినది. తోక సన్నబడి, రెండు ప్రక్కల నడుమ ఎడము రెండు సెంటీమీటరులకు తగ్గినచోట ఆ ప్రక్కగీతలు తాకవలెను, అచ్చటనే ఆగవలెను. కాని ఒకదాని సంగతి యొకదానికి తెలియదు గనుక, అవి యొండొంటిని దాటి, ఆకు హద్దును గూడ దాటి, అవతలి గుడ్డలోనికి పోయినవి.

కొసలను కలిపి మొత్తము నొకే గీతగా చేయవలెనట. ఇట్లు కలిపిన గీతను పాలీలైను అందురు. ఆటోక్యాడులో దీనికి జాయిన్ అను ఆజ్ఞ కలదు. ఇంక్‌స్కేపులోనయినచో కొసనున్న రెండు బిందువులను పట్టి కలుపవలెను. కలిపి మఱల ప్రక్కగీత నడుగగా, లోపలి ఆకు బుద్ధిగా వచ్చినది. దాని తోక అసలు తోకకు దాదాపు నాలుగు సెంటీమీటరుల పైననే ముగిసినది. మాకిది వింతగా తోచినది. ఒక సెంటీమీటరు అడిగినచో నాలుగేల పోవలెను?

దీనికి సమాధానము అత్తగారి నోట వచ్చినది. ఆమె అంతవఱకును తలుపు చాటున నిలిచి వినుచుండిరి. "కొన దాకా ముందే ఎవరైనా కోస్తారటే? కొన దగ్గర గుడ్డ అట్లాగే వదిలి, లైనింగు వేసి చుట్టూ కుట్టి, ఆ తర్వాత కదా మధ్యగా గాటు పెట్టి తిప్పేది!" అనిరి. ఇరువురము ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. తోకలో వెడల్పు రెండు సెంటీమీటరులు లేనప్పుడు, ఇరుప్రక్కలకును ఒక్కొక్క సెంటీమీటరు విడుచుటకు తావెక్కడిది? అచ్చట కోయదగిన రంధ్రమే లేదు. ఆ నాలుగు సెంటీమీటరుల మేర గుడ్డ అంతయు మార్జినే. అరువదేండ్లుగా ఆమె చేతులకు తెలిసిన ఆ సంగతిని కంప్యూటరు మాకు పొద్దున చూపినది.

సాయంకాలము మా వారు బడినుండి వచ్చి సంగతి విని, ఒక అట్టబిళ్ళను కోయుమనిరి. వ్యాసము రెండు సెంటీమీటరులు, అనగా మార్జినునకు రెట్టింపు. దానిని ఆకు లోపల గీతను తాకించుచు దొర్లింపుమనిరి. దొర్లించితిమి. బిళ్ళ నడిమి చుక్క నడచిన దారియే ప్రక్కగీత. తోకలోనికి బిళ్ళ దిగలేదు, రెండు ప్రక్కలను తాకి నిలిచిపోయినది. సరిగా అచ్చటనే లోపలి ఆకు ముగిసినది. ఇంతటి సులభమైన పరీక్షను ముందే యేల చెప్పలేదని మేమడుగగా, మీరు ముందే యేల అడుగలేదని వారనిరి. ఉపాధ్యాయులతో కాపురము ఇట్లుండును.

ఈ బిళ్ళ చేతిలోనికి వచ్చిన తరువాత, మునుపు మమ్ము బాధించిన చిక్కులు కొన్ని వానంతట అవియే తేటపడినవి. చేతుల అంచునకు అలలవలె వంపులు పెట్టిన రవిక నొకదానిని వేసవిలో గీసితిమి. గుడ్డ వెలుపలికి పొంగినచోట వంపు పెద్దది, రెండు పొంగుల నడుమ లోనికి లొంగినచోట వంపు చిన్నది, నాలుగు మిల్లీమీటరుల వ్యాసార్ధము. ఆరు మిల్లీమీటరుల మార్జిను నడుగగా, లొంగిన చోట్లనెల్ల గీత ముడివడి చేపతోకలు పుట్టినవి. సాఫ్ట్‌వేరు చెడినదని, తీసివేసి మఱల పెట్టుకొంటిమి. చెడినది అది కాదు. వెలుపలికి జరుపునపుడు పొంగిన వంపునకు వ్యాసార్ధము పెరుగును, లొంగిన వంపునకు తఱుగును. నాలుగులోనుండి ఆరు తీసివేసినచో మిగులునదేమి? ఋణరాశి. వంపు లోపల తిరిగి వెలుపలికి వచ్చును, అదియే ఆ ముడి. కొన్ని సాఫ్ట్‌వేరులు ఈ ముడిని తామే కోసివేయును, కొన్ని అట్లే చూపును, కొన్ని చేయలేమని చెప్పి ఊరకుండును. మూడింటిలో చివరిదే మేలని ఇప్పుడు మాకు తోచుచున్నది. ఆ నమూనాలో మార్జినును మూడు మిల్లీమీటరులకు తగ్గించి, అంచునకు పైపింగు వేసి గట్టెక్కితిమి.

జంటగీతలతో తామరముగ్గు వేయునపుడు గమనింపుడు. రెండు వ్రేళ్ళ నడుమనుండి పిండిని విడుచుచు రేకును తిప్పితిమేని, వెలుపలి గీత గుండ్రగా తిరుగును, లోపలి గీత ముందే మొనతేలును. రేకు మరీ సన్ననిదైనచో లోపలి గీతలు రెండును ఒకదానిపై నొకటి పడి మొద్దుగా కనబడును. అప్పుడు మన చేయి తనంతట రేకును వెడల్పు చేయును. కంప్యూటరునకు ఆ మొగమాటము లేదు.

కొందఱు సోదరీమణులు, ప్రక్కగీత యనగా బొమ్మను కొంచెము చిన్నది చేసి లోపల పెట్టుటయే కదా యనవచ్చును. మేమును మొదట అట్లే చేసితిమి. గాజులో గాజు పెట్టినట్లు వలయమునకు అది చెల్లును. ఆకునకును మామిడిపిందెకును చెల్లదు. ఆకును చిన్నది చేసి నడుమ పెట్టినచో, తోకయొద్ద ఎడము హెచ్చును, ప్రక్కలయందు తగ్గును. మార్జిను అంతట ఒకే తీరున ఉండదు. కోలగా నున్న ఆయతవృత్తమునకు ప్రక్కగీత గీసినచో, వచ్చునది మఱియొక ఆయతవృత్తము కాదు, వేఱొక జాతి గీత.

ఇది తలచుకొనినపుడు మాకు బాల్యమున విన్న పాఠ మొకటి జ్ఞప్తికి వచ్చినది. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు రచించిన సంస్కృత గణితసారసంగ్రహమే మన పావులూరి మల్లన తెనుగునకు మూలము. ఆ మూలమున క్షేత్రగణితమందు చక్రవాళవృత్తమని కలదు. వృత్తము చుట్టును వెలుపల ఒకే వెడల్పుతో పట్టీ వేసిన అది బహిశ్చక్రవాళము, లోపల వేసిన అంతశ్చక్రవాళము. వైశాల్యము కట్టునపుడు వెలుపలిదానికి వ్యాసమునకు పట్టీ వెడల్పును కూడవలెను, లోపలిదానికి తీసివేయవలెను. నాడు మేము ఈ కూడికను తీసివేతను వల్లె వేసితిమే గాని, రవిక మెడ జ్ఞప్తికి రాలేదు. పొంగినచోట కూడిక, లొంగినచోట తీసివేత. మా తండ్రిగారుండిన ఒక ఉత్తరము వ్రాసియుందుము.

పాశ్చాత్యులలో లైబ్నిట్జు 1692లో ఈ సమాంతర వక్రములను గూర్చి వ్రాసెనట. కంప్యూటరుల కాలమున ఇది మఱింత చిక్కైనది. తెరపై మనము లాగి వంచెడి నున్నని గీతలు, ఫ్రాన్సులో కారుల నమూనాలు గీయుటకు 1960 ప్రాంతమున సిట్రోయన్ కంపెనీలో ద కాస్తెల్జో, రెనో కంపెనీలో బెజియే వేర్వేఱుగా కనిపెట్టినవి. అట్టి గీతకు ప్రక్కగీత సామాన్యముగా అదే జాతికి చెందదు. కావున కంప్యూటరు దానిని సరిగా వ్రాయలేక, చిన్నచిన్న ముక్కలను కూర్చి, దగ్గఱగా వచ్చునట్లు చేయును. ఎంత దగ్గఱగా నుండవలెనో మనము చెప్పవచ్చును. దీనిని టాలరెన్సందురు. మేము అతిగా తగ్గించి, ఒక్క మెడగీతలో వందలకొలది చుక్కలు పుట్టించితిమి, లేజరు వణకుచు కోసి అంచంతయు ఱంపపుపండ్లవలె చేసినది. గుడ్డపనికి మిల్లీమీటరులో పదవ వంతు చాలును. తమ ప్రక్కగీతలను సరిగా వ్రాయుటకు వీలైన ప్రత్యేక వక్రములను 1990లో ఫరూకీ, సక్కాలిస్ అను నిరువురు శాస్త్రజ్ఞులు పైథాగరసు పేరిట ప్రకటించిరి. కర్ణసూత్రము అచ్చటను పనికివచ్చినదని మా వారికి మిక్కిలి సంతోషము.

వారు చెప్పిన మఱియొక ముచ్చట. గాజుకు చుట్టును ఒక సెంటీమీటరు వెలుపల గీత గీసిన, చుట్టుకొలత 6.28 సెంటీమీటరులు పెరుగును. 158 కిలోమీటరుల మన అవుటరు రింగురోడ్డునకు చుట్టును ఒక సెంటీమీటరు వెలుపల గీసినను పెరుగునది ఆ 6.28 సెంటీమీటరులే. మేము నమ్మక రెండు పళ్ళెములకు దారము చుట్టి కొలిచితిమి. రైలు మలుపు తిరుగుచోట వెలుపలి పట్టా లోపలిదానికంటె ఎంత పొడవుండునో లెక్కించుటయు నిట్లేనట. మెడకు పైపింగు పట్టీ కోయునపుడు, పట్టీ లోపలి అంచు పొట్టిదగుటకు ఇదియే కారణము.

ఇక ఆ గుడ్డ సంగతి. మూడవ రాత్రి ఎదురింటి యమ్మాయియే ఉపాయము చెప్పినది. లోనికి జరిపి చెడగొట్టినదానిని వెలుపలికి జరిపి బాగుచేయరాదా యన్నది. గాట్లు కుట్టుగీతను తొమ్మిది మిల్లీమీటరులు దాటినవి. కుట్టుగీతనే పండ్రెండు మిల్లీమీటరులు వెలుపలికి జరిపితిమేని, గాట్లు రెండును మార్జినులో పడిపోవును. ఇప్పుడు ఆకు ఒకే గీత గనుక ప్రక్కగీత సులభముగా వచ్చినది. కాని తోక కొనయొద్ద, ఎట్లు తిరుగవలెనని సాఫ్ట్‌వేరు అడిగినది. ఆటోక్యాడులో దీనికి ఆఫ్‌సెట్‌గ్యాప్‌టైప్ అను అమరిక యుండును. 0 అయినచో రెండు గీతలను కలియునంత దూరము పొడిగించును, 1 అయినచో గుండ్రన చేయును, 2 అయినచో కొనను నఱకును. మా సాఫ్ట్‌వేరు మొదట పొడిగించి చూపినది. తోక నాలుగున్నర సెంటీమీటరులు క్రిందికి పోయి నడుమును తాకినది. గుండ్రన చేయుమనగా పండ్రెండు మిల్లీమీటరులతో సరిపోయినది. తమలపాకు తమలపాకుగా మిగులలేదు. మందారపు రేకువలె తోక మొద్దుబాఱినది. కిటికీయు పెద్దదైనది.

పెండ్లికూతురి వీపున అంత కిటికీ పెట్టుటకు అత్తగారి యనుమతి కావలెను గదా. అట్టను పట్టుకొని భయపడుచు వంటయింటిలోనికి పోతిమి. ఆమె చింతపండు పిసుకుచుండిరి. అట్టను కంటికి దగ్గఱగా పెట్టుకొని, తోకయొద్ద వ్రేలు త్రిప్పి చూచి, "పోనీలే అమ్మాయీ, పూలజడ వేస్తాం కదా, కప్పేస్తుంది" అనిరి. మూడు దినముల తరువాత వారు మాతో పలికిన మొదటి తీయని మాట యది.

ఈసారి అట్టను ముందు పాత దుప్పటిపై కత్తిరించి చూచితిమి. తరువాత లైనింగు వేసి, చుట్టును కుట్టి, తోకయొద్ద గాట్లను అత్తగారిచేతనే పెట్టించితిమి. కత్తెర ఆమె చేతిలో కుట్టునకు నూలుపోగంత దూరమున ఆగినది.

పెండ్లినాడు మల్లెల జడ నడుమువఱకు వ్రేలాడినది. కిటికీ యెవరికిని కనబడలేదు. అప్పగింతల తరువాత ఇంటికి వచ్చి, చీలికలు పడిన ఆ మొదటి అట్టను పాఱవేయబోగా, మా వారు వద్దని తీసికొని, తొమ్మిదవ తరగతి పిల్లలకు చూపుటకు బడికి పట్టుకొనిపోయిరి. బిళ్ళ మాత్రము మా సూదుల డబ్బాలో నున్నది.